టీవీలో ఆరోగ్య నిపుణుల మాటలు: ఒడిశా సరిహద్దు తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో తెలుగు మాట్లాడే ఇళ్ళల్లో పొద్దున్నే టీవీ పెడితే హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో ఒక డాక్టరుగారు షుగరు గురించో మోకాళ్ళ నొప్పుల గురించో చెబుతూ ఉంటారు. చానెల్ మార్చి ఒడియాలో చూసినా అదే వరస. పర్లాకిమిడిలో మందుల షాపు నడుపుతున్న నాకు ఆ మాటలన్నీ మధ్యాహ్నానికల్లా ప్రశ్నలై ఎదురవుతాయి. కొందరు టీవీ తెరను ఫోన్లో ఫొటో తీసి తెస్తారు, కొందరు మందు పేరు అరచేతిలో రాసుకొని వస్తారు. మళ్ళీ మళ్ళీ వినే ప్రశ్నలను, నేను చెప్పే జవాబులను ఇక్కడ రాస్తున్నాను. ఇది చదివి ఎవరూ తమ మందు మార్చుకోవద్దు. ఆ పని మీ డాక్టరుగారితో మాట్లాడాకే.

తెల్లకోటు వేసుకొని, మెడలో స్టెతస్కోపు ఉంటే డాక్టరే కదా?

కాకపోవచ్చు. పేరు కింద ఏ చదువు వేశారో చూడండి. ఎంబీబీఎస్, ఎండీ, ఎంఎస్, డీఎన్‌బీ అని ఉంటే అల్లోపతి. బీఏఎంఎస్ ఆయుర్వేదం, బీహెచ్ఎంఎస్ హోమియో, బీఎన్‌వైఎస్ ప్రకృతి వైద్యం. ఇవన్నీ ఏళ్ళ తరబడి కూర్చొని చదివే చదువులే. 'వెల్‌నెస్ కోచ్', 'లైఫ్‌స్టైల్ ఎక్స్‌పర్ట్' లాంటివి అలాంటివి కావు. ఆ పేర్లు ఎవరైనా పెట్టుకోవచ్చు.

అల్లోపతి డాక్టరైతే రాష్ట్ర వైద్య మండలిలో రిజిస్ట్రేషన్ ఉండాలి. జాతీయ వైద్య కమిషన్ వెబ్‌సైట్లో పేరు కొట్టి వెతకవచ్చు. 2024 ఆగస్టులో జాతీయ వైద్య రిజిస్టర్ పోర్టల్ కూడా మొదలైంది. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే వాళ్ళకు అది క్షణాల్లో పని.

ఇక్కడితో అయిపోలేదు. నిజమైన డాక్టరే తన చదువు దాటి మాట్లాడటం ఇంకా ఎక్కువ కనిపిస్తుంది. గుండెకు ఆపరేషన్లు చేసే ఆయన జుట్టు రాలడానికి ఏం తినాలో చెబుతుంటే, ఆ మాటకు బలం ఆయన కత్తి పట్టిన అనుభవం నుంచి రాదు. అమెరికాలో డాక్టర్ మెహ్‌మెట్ ఓజ్ ఇలాంటి మనిషే. పేరున్న గుండె శస్త్రవైద్యుడు, టీవీలో ఇంటింటికీ తెలిసినవాడు. పచ్చి కాఫీ గింజల సారం తింటే కొవ్వు కరుగుతుందని తన కార్యక్రమంలో పొగిడినందుకు 2014 జూన్‌లో అమెరికా సెనేట్ ఉపసంఘం ముందు సమాధానం చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ సరుకుకు ఆధారంగా చూపించిన అధ్యయనాన్ని అదే ఏడాది వెనక్కి తీసుకున్నారు.

అది కార్యక్రమమో, డబ్బిచ్చి వేయించుకున్న ప్రకటనో ఎలా తెలుస్తుంది?

నన్నడిగితే ఈ పేజీలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే.

చానెల్లో ఒక అరగంట సమయాన్ని ఆస్పత్రిగానీ మందుల కంపెనీగానీ కొనుక్కోవచ్చు. అప్పుడు ప్రశ్నలడిగే యాంకర్, వెనక కనబడే సోఫా, మొక్కలు, మధ్యలో ఫోన్ చేసే 'ప్రేక్షకులు' అన్నీ మామూలు కార్యక్రమంలాగే ఉంటాయి. తేడా ఒక్కటే: అక్కడ ఎదురు ప్రశ్న ఉండదు. 'ఈ వైద్యం ఎవరికి పనిచేయదు?' అని యాంకర్ అడగదు. 'ఖర్చెంత? ఇంతకన్నా తక్కువలో ఇంకో దారి ఉందా?' అనీ అడగదు.

కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్స్ నియమాలు 1994 నుంచి ఉన్నాయి. ప్రకటన ప్రకటనలాగే కనబడాలి, కార్యక్రమంతో కలిసిపోకూడదు అని అందులో ఏడో నియమం చెబుతుంది. గంటకు 12 నిమిషాలకు మించి ప్రకటనలు ఉండకూడదనీ అందులోనే ఉంది. అరగంట పొడుగునా ఒకే ఆస్పత్రి గురించి వింటుంటే ఆ 12 నిమిషాల లెక్క గుర్తు తెచ్చుకోండి.

గుర్తులు చెబుతాను. తెర కింద ఫోన్ నంబరు మొదటి నుంచి చివరి దాకా కదలకుండా ఉంటుంది. డాక్టరు పేరు కన్నా ఆస్పత్రి శాఖలున్న ఊళ్ళ పేర్లు పెద్దవిగా ఉంటాయి. నయమైనవాళ్ళే మాట్లాడతారు, నయం కానివాళ్ళు ఒక్కరూ కనిపించరు. మొదట్లోనో చివర్లోనో రెండు క్షణాలపాటు సన్న అక్షరాల్లో 'ఇందులోని అభిప్రాయాలతో చానెల్‌కు సంబంధం లేదు' అని వస్తుంది. చానెలే సంబంధం లేదంటున్న మాటను నమ్మి మా నాన్న వయసువాళ్ళు మందు మానేస్తుంటే నాకు కడుపు రగిలిపోతుంది.

అసలు డాక్టర్లు టీవీలో మాట్లాడవచ్చా?

మాట్లాడవచ్చు, మాట్లాడాలి కూడా. 2002 నాటి వైద్యుల వృత్తి ప్రవర్తన నియమావళి ప్రజారోగ్యం గురించి, శుభ్రమైన జీవనం గురించి రేడియోలో, టీవీలో మాట్లాడటానికి అనుమతి ఇస్తుంది. తనను తాను ప్రచారం చేసుకొని రోగులను రాబట్టుకోవడానికి ఇచ్చే ఇంటర్వ్యూలను మాత్రం వద్దంటుంది. ఏ మందునూ ఏ కంపెనీ సరుకునూ బహిరంగంగా సిఫారసు చేయకూడదన్న నిబంధన కూడా 2009లో చేర్చారు. 2023 ఆగస్టులో కొత్త నియమావళి తెచ్చి, అదే నెలలో పక్కన పెట్టారు కాబట్టి పాతదే నడుస్తోంది.

'జ్వరం వస్తే ఇలా చేయండి' అని చెప్పే డాక్టరు మన మేలు కోరి వచ్చారు. 'జ్వరం వస్తే మా దగ్గరికే రండి' అనేవారు వేరే పని మీద వచ్చారు.

ఫోన్ చేస్తే డాక్టరుగారు నేరుగా మందు పేరే చెప్పారు. కొనుక్కోవచ్చా?

వద్దు. మీరు మాట్లాడింది ఒక నిమిషం. అందులో సగం 'నమస్కారం డాక్టరుగారూ, మాది గుణుపూర్' అనడానికే పోతుంది. మీ కిడ్నీ పరీక్ష ఆయన చూడలేదు, మీరు వేసుకుంటున్న మిగతా మాత్రలు ఆయనకు తెలియవు. ఫోన్లో, వీడియోలో వైద్యం చేయడానికి కేంద్రం 2020 మార్చిలో మార్గదర్శకాలు ఇచ్చింది. రోగి వివరాలు తెలుసుకోవాలి, రికార్డు ఉంచాలి, రాసిన చీటీ పంపాలి. టీవీ ఫోన్ కాల్‌లో ఇవేవీ జరగవు. ఇంటి నుంచే డాక్టరుతో మాట్లాడాలంటే ప్రభుత్వ ఈ-సంజీవని ఉంది. డబ్బు కట్టక్కర్లేదు.

ఇంకో మాట. అట్ట మీద ఎర్రగీత ఉన్న మందును చీటీ లేకుండా అమ్మమంటే నేను అమ్మను. టీవీలో చెప్పారన్నది చీటీ కాదు.

అయితే టీవీలో చెప్పేవన్నీ అబద్ధాలేనా?

కాదు. అలా అనుకోవడం కూడా నష్టమే. 2014 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో కెనడా పరిశోధకులు ఒక లెక్క ప్రచురించారు. అమెరికాలో బాగా నడిచే రెండు డాక్టర్ల కార్యక్రమాలు తీసుకొని, ఒక్కోదాని నుంచి 80 సలహాలు ఏరి, వాటికి శాస్త్రీయ ఆధారం ఉందా అని వెతికారు. డాక్టర్ ఓజ్ కార్యక్రమంలో 46 శాతం సలహాలకు ఆధారం దొరికింది. 15 శాతం సలహాలు ఆధారాలకు విరుద్ధంగా ఉన్నాయి. 39 శాతానికి అటూ ఇటూ ఏ ఆధారమూ లేదు. రెండో కార్యక్రమంలో ఆధారం ఉన్నవి 63 శాతం. చెబుతున్నవారికి ఆ సరుకుతో ఏమైనా లాభసంబంధం ఉందా అన్నది బయటపెట్టిన సందర్భాలు వందకు ఒకటి కూడా లేవు.

అంటే సగానికి అటూ ఇటూగా మాటలు మంచివే. చిక్కేమిటంటే మంచి మాటా ఆధారం లేని మాటా ఒకే గొంతుతో, ఒకే చిరునవ్వుతో వస్తాయి. బయట నుంచి చూస్తే విడదీయలేం.

టీవీ మేలు చేసిన రోజులూ ఉన్నాయి. 2002లో దూరదర్శన్ 'కళ్యాణి' అనే ఆరోగ్య కార్యక్రమం మొదలుపెట్టింది. ఒడిశా కూడా అందులో ఉంది. మలేరియా, క్షయ, పొగాకు గురించి పాటలతో, నాటికలతో చెప్పేవారు. ఏ ఆస్పత్రి పేరూ చెప్పేవారు కాదు, పల్లెల్లో కళ్యాణి క్లబ్బులు నడిచాయి. అలాంటివి మళ్ళీ రావాలని నా కోరిక.

ఆంధ్రాలో చెప్పింది ఒడిశాలో ఉన్న మనకు ఎంతవరకు పనికొస్తుంది?

ఒంటికి సంబంధించిన సంగతులు చాలావరకు పనికొస్తాయి. బీపీ ఎక్కడైనా బీపీయే. చుట్టూ ఉన్న జబ్బులు, పథకాలు, ఆస్పత్రులు మాత్రం వేరు. స్టూడియోలో కూర్చున్నవారికి మన కొండలు కనబడవు.

జ్వరం సంగతే తీసుకోండి. పట్నం డాక్టరు పట్నం ప్రేక్షకుల కోసం మాట్లాడుతూ 'రెండు మూడు రోజులు పారాసిటమాల్ వేసుకొని చూడండి' అనవచ్చు. రాయగడ, కొరాపుట్ కొండ ఊళ్ళల్లో ఆ మాట ప్రాణం మీదికి తెస్తుంది. ఇక్కడి మలేరియాలో ఫాల్సిపారం రకం ఎక్కువ. అది మెదడుకు ఎక్కితే గంటల లెక్క. జ్వరం వచ్చిన రోజే రక్తం చూపించాలి. అందుకు బరంపురం దాకా పోనక్కర్లేదు. ఆశా కార్యకర్త దగ్గర వేలి నుంచి చుక్క తీసి అక్కడికక్కడే చూసే కిట్ ఉంటుంది, మందూ ఉచితమే. 2017 నుంచి ఒడిశా ప్రభుత్వం 'దమన్' పేరుతో దారిలేని ఊళ్ళకు వెళ్ళి, జ్వరం లేనివాళ్ళకు కూడా పరీక్షలు చేస్తోంది. ఒంట్లో మలేరియా ఉండి పైకి కనబడనివాళ్ళు ఉంటారు కాబట్టి. ఈ సంగతి హైదరాబాదు చానెల్లో మీరు వినే అవకాశం తక్కువ.

రక్తం తక్కువగా ఉందంటే టీవీలో ఖర్జూరం, దానిమ్మ, బీట్‌రూట్ చెబుతారు. తినండి, మంచిదే. కానీ ఈ జిల్లాల్లో సికిల్ సెల్ ఉన్న కుటుంబాలు ఉన్నాయి. అది పుట్టుకతో వచ్చే రక్త లోపం, తిండితో పోయేది కాదు. పిల్లాడికి మాటిమాటికీ ఎముకల్లో నొప్పి, కళ్ళు పచ్చబడటం, రక్తం తగ్గిపోవడం ఉంటే ముందు పరీక్ష. 2023 జులైలో కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌లో ఒడిశా ఉంది. పరీక్షకు డబ్బు తీసుకోరు.

ఇక పథకాలు. తెలుగు చానెల్లో 'కార్డు ఉంటే ఆపరేషన్ ఉచితం' అని వినగానే విశాఖ రైలెక్కేసేవాళ్ళు ఉన్నారు. అక్కడ వాళ్ళు చెప్పేది ఆంధ్రప్రదేశ్ కార్డు గురించి. మన దగ్గర ఉన్నది ఒడిశా కార్డు. 2025 నుంచి ఒడిశాలో ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన కలిపి నడుస్తున్నాయి. ఆయుష్మాన్ కార్డు వేరే రాష్ట్రంలో కూడా పథకంలో చేరిన ఆస్పత్రుల్లో చెల్లుతుంది. అయితే ఏ ఆస్పత్రి చేరింది, మీ జబ్బుకు అక్కడ వర్తిస్తుందా అన్నది బయల్దేరే ముందే 14555కు ఫోన్ చేసి అడగండి. చాలా జబ్బులకు మన బరంపురంలోనే 1962 నుంచి ఉన్న మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్య కళాశాల ఆస్పత్రి ఉంది. మన పర్లాకిమిడి మహారాజు పేరు పెట్టుకున్న ఆస్పత్రిని వదిలి, టీవీలో చూసిన పేరు కోసం వడ్డీకి డబ్బు తెచ్చి పరుగెత్తేవాళ్ళను చూస్తే బాధేస్తుంది. కొరాపుట్ వైపు వాళ్ళకు 2017లో వచ్చిన లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల ఉంది.

ఉద్దానం కిడ్నీ జబ్బుకు కారణం నీళ్ళేనని టీవీలో తేల్చేశారు కదా?

తేల్చింది టీవీ. పరిశోధకులు ఇంకా తేల్చలేదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, పలాస వైపు మన చుట్టాలు చాలామంది ఉన్నారు కాబట్టి ఈ ప్రశ్న నాకు తరచూ వస్తుంది. నీళ్ళు, ఎండలో పని, ఒంట్లో నీరు తగ్గిపోవడం, పురుగు మందులు, నొప్పి మాత్రలు, వంశం, ఇలా చాలా వాటిని అనుమానించి చూశారు. ఒకే ఒక్క కారణం ఇదీ అని రుజువు కాలేదు. 'ఇంకా తెలియదు' అన్న మాట తెర మీద నిలవదు. యాంకర్‌కు ముగింపు కావాలి, నిపుణుడికి ఇచ్చింది అర నిమిషం. దాంతో 'నీళ్ళు కావచ్చు' అన్నది ప్రోమోలో 'నీళ్ళే' అయిపోతుంది.

దీని వల్ల వచ్చే నష్టం చిన్నది కాదు. నీళ్ళ డబ్బాలు కొనుక్కుంటే చాలనుకొని, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ రక్త పరీక్ష చేయించుకోనివాళ్ళు, రోజూ నొప్పి మాత్ర మింగడం ఆపనివాళ్ళు నాకు తెలుసు. కారణం తెలియకపోయినా చేయదగ్గవి ఇవే: పరీక్ష, బీపీ అదుపు, అడ్డగోలుగా నొప్పి మాత్రలు వాడకపోవడం.

కోవిడ్ రోజుల్లో నిపుణులే రోజుకో మాట చెప్పారు. ఎందుకు నమ్మాలి?

మాట మార్చడం అన్నిసార్లూ తప్పు కాదు. 2020లో కోలుకున్నవారి ప్లాస్మా (రక్తంలోని ద్రవ భాగం) ఎక్కిస్తే బతుకుతారని టీవీలన్నీ దాతల కోసం పిలుపులు ఇచ్చాయి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 39 ఆస్పత్రుల్లో 464 మంది రోగులతో పరీక్షించి చూస్తే మరణాలు తగ్గలేదని తేలింది. 2021 మేలో చికిత్స జాబితా నుంచి ప్లాస్మాను తీసేశారు. మొదట ఆశ, తర్వాత పరీక్ష, ఆ తర్వాత నిర్ణయం. వైద్యం నడిచే తీరే అది. టీవీ ఆశను గంటల తరబడి చూపించింది, పరీక్ష ఫలితాన్ని మాత్రం కింద స్క్రోలింగ్‌లో పంపేసింది.

అదే మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో కోవిడ్‌ తగ్గిస్తుందన్న ఆనందయ్య నాటు మందు కోసం జనం వేలల్లో తోసుకున్నారు. కెమెరాలు వరుసను చూపిస్తుంటే వరుస ఇంకా పెరిగింది. హాని కనబడలేదనడం వేరు, జబ్బు నయమవుతుందనడం వేరు. రెండోదానికి రుజువు కావాలి. ఆ తేడాను తెర మీద ఓపిగ్గా చెప్పినవారు ఎంత తక్కువో ఆ రోజుల్లో చూసినవాళ్ళందరికీ గుర్తుండే ఉంటుంది.

'బావూ, ఈ పొడి తింటే షుగరు మాత్ర మానీవొచ్చట. మీ కాడ ఉందా?'

లేదు, తెప్పించను. షుగరు, బీపీ, క్యాన్సర్, పక్షవాతం, మూర్ఛ, కిడ్నీలో రాళ్ళు, లావు తగ్గడం, ఇలాంటి 54 జబ్బుల జాబితా ఒకటి 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టంలో ఉంది. వాటిని నయం చేస్తామని జనానికి ప్రకటన ఇవ్వడమే నేరం. మొదటిసారికే ఆరు నెలల దాకా జైలు పడవచ్చు. పతంజలి ప్రకటనల మీద ఇండియన్ మెడికల్ అసోసియేషన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2024లో ఈ విషయాన్ని గట్టిగా పట్టుకుంది. ఆ ఏడాది మే 7న ఇచ్చిన ఆదేశంతో, తప్పుదారి పట్టించే మాటలు లేవని ప్రకటన ఇచ్చేవారే ముందుగా రాతపూర్వకంగా ఒప్పుకోవాల్సి వచ్చింది. తర్వాత కేంద్రం దాన్ని ఆహార, ఆరోగ్య రంగాల ప్రకటనలకు పరిమితం చేసింది.

డబ్బా చేతిలోకి వచ్చినప్పుడు వెనక్కి తిప్పి చూడండి. ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ గుర్తు, 14 అంకెల లైసెన్సు సంఖ్య ఉంటే అది ఆహారం కింద అమ్ముతున్న సరుకు. హెల్త్ సప్లిమెంట్ అయితే 'వైద్యానికి కాదు' అని ఇంగ్లీషులో అచ్చు వేసి తీరాలి. తెర మీద మందు, డబ్బా మీద ఆహారం అన్నమాట.

షుగరు మాత్రగానీ ఇన్సులిన్‌గానీ ఉన్నట్టుండి ఆపితే కొందరికి రోజుల్లోనే ప్రమాదం. పొడి తినాలని ఎంత ఉన్నా మాత్ర మాత్రం ఆపకండి, డాక్టరుతో పొడి సంగతి దాచకండి.

సీరియళ్ళలో, సినిమాల్లో చూపించేది?

పాము కరిస్తే కోసి, నోటితో విషం పీల్చి ఉమ్మేయడం మన కథల్లో ఎప్పటి నుంచో ఉంది. అది చేయవద్దు. కోయకూడదు, పీల్చకూడదు, గట్టిగా తాడు కట్టకూడదు. కరిచిన కాలునో చేతినో కదలనివ్వకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆస్పత్రికి చేరడమే మందు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటికీ ఒకే విరుగుడు పనిచేస్తుంది. పామును చంపి తేవాల్సిన పనీ లేదు.

గుండె ఆగినవాళ్ళకు ఛాతీ నొక్కగానే కళ్ళు తెరవడం కూడా అలాంటిదే. 1996లో ఒక అమెరికా వైద్య పత్రికలో వచ్చిన లెక్క ప్రకారం అక్కడి టీవీ సీరియళ్ళలో అలా బతికినవాళ్ళు 75 శాతం. నిజంలో అంతకన్నా చాలా తక్కువ. నొక్కడం మాత్రం ఆపకూడదు, ఆ కొద్దిమంది బతికేది దానివల్లే.

'రిస్కు సగానికి తగ్గుతుంది' అంటారు. అంటే ఎంత?

దేంట్లో సగం అని అడగండి. వెయ్యి మందిలో ఇద్దరికి వచ్చే జబ్బు ఒకరికి తగ్గినా 'సగం' అనే అంటారు. వెయ్యిలో నాలుగు వందలు రెండు వందలైనా అదే మాట. మొదటిదానికి నెలనెలా వేలు పోయాలా వద్దా అన్నది ఆ లెక్క తెలిస్తేగానీ తేలదు.

టీవీ మాట తప్ప ఇంకెవరి మాటా వినని పెద్దవాళ్ళతో ఎలా?

టీవీ కట్టేస్తే పని జరగదు. వాళ్ళతో కూర్చొని చూడండి. ఆ డాక్టరు పెద్దరికంగా, తీరిగ్గా, అచ్చ తెలుగులో మాట్లాడుతున్నారు. మన ఆస్పత్రిలో చీటీ ఇంగ్లీషులో, మాట ఒడియాలో, సమయం రెండు నిమిషాలు. మనసు ఎటు మొగ్గుతుందో వేరే చెప్పాలా? 'అది తప్పమ్మా' అనడం కన్నా 'రేపు మన డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఇదే అడుగుదాం, కాగితం మీద రాసుకుందాం' అంటే వింటారు. వెంట తెలుగూ ఒడియా రెండూ వచ్చిన మనిషిని తీసుకెళ్ళండి. సగం అపనమ్మకం అక్కడే పోతుంది.

తప్పుడు కార్యక్రమం మీద ఫిర్యాదు ఎక్కడ చేయాలి?

2021లో మార్చిన కేబుల్ నియమాల ప్రకారం ముందు చానెల్‌కే రాయాలి. 15 రోజుల్లో జవాబివ్వాలి. తృప్తి కలగకపోతే చానెళ్ళ స్వీయ నియంత్రణ సంఘానికి, ఆ తర్వాత కేంద్ర సమాచార ప్రసార శాఖకు వెళ్ళవచ్చు. ప్రకటన అయితే ముంబైలోని అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ కూడా ఫిర్యాదు తీసుకుంటుంది. మందు గురించిన ప్రకటనైతే జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టరుకు రాయండి. ఊళ్ళో కేబుల్ వాళ్ళే సొంతంగా వేస్తున్నదైతే కలెక్టరుకో సబ్ కలెక్టరుకో ఇవ్వవచ్చు, చట్టం వాళ్ళకు అధికారం ఇచ్చింది.

చానెల్ పేరు, తేదీ, వచ్చిన సమయం, మాట్లాడినవారి పేరు, తెర మీద కనిపించిన ఫోన్ నంబరు రాసుకోండి. ఫోన్లో ఒక నిమిషం వీడియో తీసి పెట్టుకుంటే ఇంకా మంచిది. రాయడం కష్టమైనవాళ్ళు అవి పట్టుకొని షాపుకు రండి. ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఫిర్యాదు నేను రాసిపెడతాను, కింద సంతకం మీరు చేస్తే చాలు.